అరవై దాటాక డాక్టరుకి చెప్పుకున్నాం

మేమిద్దరం ఆడవాళ్లం. ముప్ఫై ఏళ్లకు పైగా ఒకే ఇంట్లో, ఒకరికొకరుగా బతుకుతున్నాం. నాకు అరవై దాటాయి, తను నాకంటే కొంచెం పెద్దది. ఇన్నేళ్లలో మా సంగతి ఏ డాక్టరుకీ చెప్పలేదు. తనకి తుంటి ఎముక విరిగి ఆసుపత్రిలో పడ్డాకే ఆ పని మొదలుపెట్టాం. డాక్టరుకి చెప్పుకోవడం, ఒకరి తరఫున ఒకరు నిర్ణయం తీసుకునేలా కాగితాలు రాయించుకోవడం, ఎన్నడూ చేయించుకోని పరీక్షలు చేయించుకోవడం, ఇవన్నీ ఎలా జరిగాయో రాస్తున్నాను. మా వయసువాళ్లు, మాలాంటివాళ్లు చదివి, మంచాన పడకముందే ఈ పనులు ముగించుకోవాలని నా కోరిక.

చెప్పకపోవడానికి కారణం మొహమాటం కాదు, భయం. స్వలింగ ఆకర్షణని మానసిక వ్యాధుల పట్టికలోంచి అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తీసేసింది 1973లో. ప్రపంచ ఆరోగ్య సంస్థ తీసేసింది 1990లో. అంటే నా పడుచుదనమంతా నేను ఆ పట్టిక లెక్కన రోగిని. పుట్టినప్పుడు రాసిన లింగం తమది కాదనుకునే ట్రాన్స్ మనుషులకైతే ఇంకా ఆలస్యం. ఆ సంస్థదే ఐసీడీ-11 అనే కొత్త వ్యాధుల పట్టిక 2019లో ఆమోదం పొంది, 2022లో అమల్లోకి వచ్చాకే వాళ్లని మానసిక రుగ్మతల అధ్యాయంలోంచి బయటికి తెచ్చారు. మేం చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు 'మారుస్తాం' అంటూ కరెంటు షాకులు పెట్టిన డాక్టర్లు, వాంతులయ్యే మందులిచ్చిన డాక్టర్లు ఎన్నో దేశాల్లో ఉన్నారు. అటువంటి కాలంలో పెరిగినవాళ్లకి తెల్లకోటు కనబడగానే నోరు మూతబడటంలో ఆశ్చర్యం లేదు. ఇది మా ఇద్దరి భయమే కాదని తర్వాత తెలిసింది. అమెరికాలో వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన కారెన్ ఫ్రెడ్రిక్సన్-గోల్డ్‌సన్ బృందం యాభై నుంచి తొంభై అయిదేళ్ల మధ్య ఉన్న 2,560 మంది స్వలింగ, ద్విలింగ ఆకర్షణ ఉన్నవాళ్లని, ట్రాన్స్ మనుషుల్ని, అంటే ఎల్‌జీబీటీ పెద్దవాళ్లని అడిగి 2011లో ఒక నివేదిక ఇచ్చింది. వాళ్లలో ఐదోవంతు కంటే ఎక్కువమంది తమ రెగ్యులర్ డాక్టరుకి కూడా విషయం చెప్పలేదు.

తను స్నానాల గది గుమ్మం దగ్గర కాలు జారి పడింది. ఒక కాలు పొట్టిగా అయినట్టు, పాదం బయటికి తిరిగిపోయి ఉంది. లేవబోతే ప్రాణం పోయేలా అరిచింది. అంబులెన్సులో ఆసుపత్రికి తీసుకెళ్తే ఎక్స్‌రే తీసి తుంటి ఎముక విరిగిందన్నారు. ఈ వయసులో ఇది విరిగితే ఒకటి రెండు రోజుల్లోపు ఆపరేషన్ చేసి, వీలైనంత త్వరగా లేపి నడిపించాలి. మంచం మీద ఉండేకొద్దీ రక్తం గడ్డలు కట్టడం, న్యుమోనియా, పుళ్లు, ఒక్కొక్కటీ వచ్చిపడతాయి.

అడ్మిషన్ కౌంటర్లో అమ్మాయి అడిగింది. "పేషెంటుకి మీరేమవుతారండీ?"

"కలిసి ఉంటాం," అన్నాను.

"అంటే అక్కచెల్లెళ్లా?"

కాదన్నాను. ఆ అమ్మాయి ఫారంలో స్నేహితురాలు అని రాసుకుని, సంతకానికి దగ్గరి బంధువులెవరైనా రావాలంది. తనకి స్పృహ ఉంది, నొప్పితో మూలుగుతున్నా మాటలో తేడా లేదు, తన సంతకం తనే పెట్టగలదు. అయినా బంధువు కూడా పెట్టాల్సిందేనన్నారు. తన తమ్ముడికి ఫోన్ చేశాను. ఆయన మా గడప తొక్కి చాలా ఏళ్లయింది. వస్తానన్నాడు, వచ్చాడు కూడా, కానీ వేరే ఊరి నుంచి రావాలి. ఆపరేషన్ మర్నాటికి వాయిదా పడింది.

ఆయన రాగానే డాక్టర్లందరూ ఆయనతోనే మాట్లాడటం మొదలుపెట్టారు. రక్తం పలచబడే మందులేమైనా వాడుతున్నారా, ఇంతకుముందు మత్తు ఇచ్చినప్పుడు ఇబ్బందేమైనా వచ్చిందా, ఏ మందు పడదు? ఆయనకి ఒక్కటీ తెలియదు. చివరికి నా వైపు తిరిగి, "అక్క ఏం మాత్రలు వాడుతుందో మీరు చెప్పండి," అన్నాడు. మాత్రల పేర్లు, వేళలు, పెన్సిలిన్‌కి ఒళ్లంతా దద్దుర్లు వచ్చిన సంగతి, అన్నీ చెప్పాను. రాసుకున్నారు. సంతకం మాత్రం ఆయనే పెట్టాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. ఆ రాత్రే అసలు కష్టం మొదలైంది. ఐసీయూలోకి రక్తసంబంధీకులనే పంపిస్తామన్నారు, తమ్ముడు ప్రయాణం బడలికతో లాడ్జిలో పడుకున్నాడు. నేను బయట కుర్చీలో ఉన్నాను. లోపల తనకి మతి చెదిరింది. గోడల మీద చీమలు పాకుతున్నాయంటుంది, సెలైన్ గొట్టం పీకేసుకుంటుంది, మంచం దిగబోతుంది. తను ఇదివరకే మతిమరుపు జబ్బున్న మనిషని అక్కడివాళ్లు అనుకున్నారట. తన కళ్లజోడు, చెవి మిషను నా హ్యాండ్‌బ్యాగులో ఉన్నాయి. అవి లేకపోతే తనకి ఎదుటి మనిషి ముఖం మసక, మాట సగం. రాత్రి డ్యూటీ నర్సు ఒకావిడ బయటికొచ్చి నా పేరు చెప్పి, ఇది మీరేనా అని అడిగింది. అవునన్నాను.

"ఇందాకట్నుంచీ మిమ్మల్నే పిలుస్తున్నారమ్మా, వచ్చి కూర్చోండి."

రూలు ఏమిటో ఆవిడకి తెలుసు. అయినా తీసుకెళ్లింది. కళ్లజోడు పెట్టాను, చెవి మిషను పెట్టాను. ఏ రోజో, ఎంతయిందో, ఎక్కడున్నామో, ఎందుకున్నామో మెల్లగా చెప్పాను. మళ్లీ అడిగితే మళ్లీ చెప్పాను. "నువ్వెళ్లకు, ఇక్కడే ఉండు," అని నా కొంగు పట్టుకుంది. తెల్లవారేసరికి చీమలు పోయాయి.

పెద్ద ఆపరేషన్ల తర్వాత, ముఖ్యంగా తుంటి విరిగినవాళ్లలో, ఇలా హఠాత్తుగా మనసు గందరగోళమవడాన్ని డెలీరియం అంటారని మర్నాడు డాక్టరు చెప్పారు. దీనికి మొదటి మందు మాత్ర కాదట. కళ్లజోడు, చెవి మిషను, పగటి వెలుగు, రాత్రి నిద్ర, త్వరగా నడిపించడం, పక్కన బాగా తెలిసిన మనిషి ఉండటం. ఈ చివరి మాట విన్నప్పుడు నాకు కళ్లమ్మట నీళ్లు తిరిగాయి. తనకి బాగా తెలిసిన మనిషిని రాత్రంతా తలుపు బయట కూర్చోబెట్టారు. భాగస్వామిని లోపలికి రానివ్వడం మర్యాదకో, హక్కుకో సంబంధించిన విషయమనే ఇన్నాళ్లూ అనుకునేదాన్ని. అది వైద్యంలో భాగమని ఆ రోజు తెలిసింది. అందుకే ఎక్కడైనా మొహమాటపడకుండా ఆ మాటే చెప్పమంటాను: "నేను పక్కనుంటే తనకి డెలీరియం తగ్గుతుంది."

ఇంటికి పంపేముందు ఆ ఆసుపత్రి సోషల్ వర్కర్ మాతో కూర్చుంది. "ఇంట్లో ఎవరెవరుంటారు? ఎవరు చూసుకుంటారు? ఏదైనా నిర్ణయం తీసుకోవాల్సి వస్తే మీ తరఫున ఎవరు మాట్లాడాలి?" అని తననే అడిగింది. తను నన్ను చూపించింది. "అయితే అది కాగితం మీద ఉండాలమ్మా," అంది ఆమె.

ఆ కాగితాల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పేర్లు, పద్ధతులు దేశానికొకలా ఉంటాయి, స్థానికంగా లాయరుని అడగాల్సిందే. కానీ లోపల ఉండాల్సిన సంగతులు దాదాపు ఒకటే. మొదటిది, నాకు నిర్ణయం తీసుకునే శక్తి లేనప్పుడు నా తరఫున వైద్య నిర్ణయాలు ఎవరు తీసుకోవాలో రాసే కాగితం. అందులో నా రికార్డులు చూసే అనుమతి, ఐసీయూలోకి కూడా వచ్చి కలిసే అనుమతి విడిగా రాయించాం. రెండోది, కోలుకునే ఆశ లేనప్పుడు ఏ వైద్యం కావాలో ఏది వద్దో ముందే చెప్పే కాగితం: వెంటిలేటర్, గొట్టం ద్వారా ఆహారం, గుండె ఆగితే మళ్లీ కొట్టించే ప్రయత్నం. మూడోది వీలునామా. ఇల్లు ఒకరి పేరు మీదే ఉంటే మిగిలిపోయినవాళ్లు వీధిన పడకుండా ఏం చేయాలో లాయరు చెప్పారు. బ్యాంకులో, బీమాలో నామినీ పేర్లు ఎప్పుడో పోయిన మా అమ్మానాన్నలవే ఉన్నాయి, అవి మార్చాం. చివరగా, చనిపోయాక శరీరాన్ని ఎవరికి అప్పగించాలి, అంత్యక్రియలు ఎవరు చేయాలి. ఈ మాట ఎత్తడానికి మాకు ఎక్కువ ధైర్యం కావలసి వచ్చింది, రాశాక మాత్రం పెద్ద బరువు దిగింది.

లాయరు చెప్పిన జాగ్రత్తలు రెండు బాగా పనికొచ్చాయి. ఆస్తిలో వాటా పొందేవాళ్లని సాక్షులుగా పెట్టకూడదు. ఒకరికి మరొకరు చాలరు, ఇద్దరూ ఒకే వయసువాళ్లు కాబట్టి వయసులో చిన్నదైన మూడో మనిషి పేరు కూడా ఉండాలి. 2001లో నెదర్లాండ్స్‌తో మొదలై చాలా దేశాల్లో ఒకే లింగంవాళ్ల పెళ్లికి చట్టం వచ్చింది. పెళ్లయినవాళ్లకి కూడా ఈ కాగితాలు ఉండాలనే నేనంటాను. సరిహద్దు దాటితే ఆ పెళ్లి చెల్లని చోట్లు ఇంకా ఎన్నో ఉన్నాయి, ప్రమాదం అక్కడ జరగదని ఎవరు చెప్పగలరు?

తమ్ముడికి కూడా కాపీ పంపాం. అది తప్పనిసరి కాదు, కానీ రేపు ఆసుపత్రి వరండాలో గొడవ పడటం కంటే ఇవాళ ఫోన్లో మాటపడటం మేలని తను అంది. ఆయన చదివి ఫోన్ చేశాడు. "సంతకానికి నన్ను పిలవక్కర్లేదన్నమాట," అన్నాడు. కోపంగా అనలేదు. ఆసుపత్రిలో ఆ మందుల జాబితా ఆయనకి గుర్తుండి ఉంటుంది.

తర్వాత నా వంతు వచ్చింది. నాకు రెగ్యులర్‌గా చూసే డాక్టరు ఒకాయన ఉండేవారు. వెళ్లినప్పుడల్లా "పెళ్లి కాలేదు" అన్న చోట ఆగి, మరి ఏ ప్రశ్నా అడగకుండా పేజీ తిప్పేసేవారు. ఈసారి వేరే డాక్టరుని వెతుక్కున్నాను. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఫోన్లో అడిగాను, నా భాగస్వామి కూడా ఆడమనిషి, తను నాతోపాటు లోపలికి రావచ్చా అని. అటునుంచి తటపటాయింపు లేకుండా "రావచ్చండీ, పేరు చెప్పండి" అన్నారు. ముఖాముఖి కంటే ఫోన్లో ముందు ఈ మాట అనెయ్యడం తేలిక. ఇబ్బందికరమైన జవాబొస్తే ఫోన్ పెట్టేసి ఇంకొకరిని చూసుకోవచ్చు.

డాక్టరమ్మకి చెప్పాల్సిన వాక్యాన్ని ఇంటి దగ్గరే తయారుచేసుకున్నాను. "నేను లెస్బియన్‌ని. ఈమె నా జీవిత భాగస్వామి. నా ఆరోగ్యానికి అవసరమైతే ఇది రాసుకోండి, కానీ ఎవరెవరు చూస్తారో చెప్పండి." గొంతు కొద్దిగా వణికింది. ఆమె తలూపి, రికార్డు ఎవరెవరు తెరవగలరో చెప్పి, రాసుకుని, వెంటనే తర్వాతి ప్రశ్నకి వెళ్లింది. "గర్భాశయ ముఖద్వారం పరీక్ష చివరిసారి ఎప్పుడు చేయించుకున్నారు?"

ఎప్పుడూ లేదన్నాను. నాకెవరూ చెప్పలేదు. పిల్లల్లేనివాళ్లకి, మగవాళ్లతో సంబంధం లేనివాళ్లకి అది అక్కర్లేదని పాత డాక్టరు ఒకసారి అన్నారు కూడా. అది నిజం కాదని ఆమె ఓపిగ్గా చెప్పింది. ఈ పరీక్ష వెతికే గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ దాదాపు ఎప్పుడూ హెచ్‌పీవీ అనే వైరస్ వల్లే వస్తుంది. ఆ వైరస్ శృంగారంలో చర్మానికి చర్మం తగిలినా అంటుతుంది, ఇద్దరు ఆడవాళ్ల మధ్య కూడా. లోపల ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా ఉండిపోగలదు. చాలా చోట్ల అరవై అయిదు దగ్గర ఈ పరీక్ష ఆపేస్తారు, కానీ అది అంతకుముందు క్రమంగా చేయించుకుని రిజల్ట్ బాగున్నవాళ్లకే. ఎన్నడూ చేయించుకోనివాళ్లకి ఆ గీత వర్తించదు. నెలసరి ఆగాక ఈ పరీక్ష నొప్పిగా ఉంటుందని విని భయపడుతున్నానంటే, ఆమె ఒక పుల్లకి దూది చుట్టినట్టున్న స్వాబ్ చేతికిచ్చి, పక్క గదిలో మీరే తీసుకురండి అంది. హెచ్‌పీవీ పరీక్షకి ఎవరి నమూనా వాళ్లే తీసుకోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సమ్మతించింది. రెండు నిమిషాల పని. ఇంత సులువైన దానికి దూరంగా ఉండిపోయిన మా తరం ఆడవాళ్లందరూ ఆ క్షణాన నాకు గుర్తొచ్చారు. నా రిపోర్టు నెగటివ్ వచ్చింది.

రొమ్ము ఎక్స్‌రే, షుగరు, కొలెస్ట్రాల్ మామూలే. మా ఇద్దరికీ ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ చేశారు. టీ-స్కోరు మైనస్ రెండున్నర గానీ అంతకంటే కింద గానీ ఉంటే ఎముకలు గుల్లబారినట్టు. తనది ఇంకా కిందే ఉంది, మందు మొదలుపెట్టారు. నాది గీతకి దగ్గర్లో ఉంది. ఆ తర్వాత ఆమె ఒక కాగితం ఇచ్చింది, గత రెండు వారాల మీద తొమ్మిది ప్రశ్నలు. పీహెచ్‌క్యూ-9 అంటారు. దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి, తనమీద తనకి చులకన, చచ్చిపోతే బాగుండుననే ఆలోచన. తను దాన్ని నింపుతుంటే పక్కనుంచి చూశాను. నాకు తెలియని జవాబులు అందులో ఉన్నాయి. ఇంట్లో నాకు చెప్పలేని మాటని ఒక కాగితానికి చెప్పింది. తనకి కౌన్సెలింగ్ మొదలైంది, ఇప్పటికీ వెళ్తోంది, నిద్ర మెరుగైంది.

ఈ సంగతులన్నీ మా స్నేహితులతో పంచుకున్నప్పుడు వాళ్ల కథలు బయటికొచ్చాయి. ఒకాయన చాలా ఏళ్లుగా హెచ్‌ఐవీతో ఉన్నాడు. 1996 ప్రాంతంలో కొన్ని మందులు కలిపి ఇచ్చే చికిత్స వచ్చినప్పుడు బతికి బయటపడ్డవాళ్లలో ఒకడు. మందులు సరిగ్గా వాడుతూ రక్తంలో వైరస్ కనబడని స్థాయిలో ఉంటే శృంగారం ద్వారా ఇంకొకరికి అంటదని ఇప్పుడు నిర్ధారణ అయింది, ఆయనకి ఆ బెంగ లేదు. కానీ మోకాలి నొప్పికి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లి, హెచ్‌ఐవీ సంగతి చెప్పలేదు. ఆ డాక్టరు కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. హెచ్‌ఐవీ మందుల్లో రిటొనవిర్, కోబిసిస్టాట్ లాంటివి కొన్ని స్టెరాయిడ్లని శరీరంలోంచి పోనివ్వవు. కొన్ని వారాల్లో ముఖం గుండ్రంగా ఉబ్బి, షుగరు పెరిగి, నీరసంతో కూలబడ్డాడు. చెప్పడానికి ఆయనకి భయం వేయడం నాకు బాగా అర్థమవుతుంది. అందుకే మందుల జాబితా మొత్తం చూపించడం, కనీసం ఫార్మసిస్టుకైనా చూపించడం ఎంత అవసరమో అందరికీ చెబుతున్నాను.

ఇంకొక స్నేహితురాలు ట్రాన్స్ మహిళ, డెబ్భైకి దగ్గర పడుతోంది. మూత్రం ఇబ్బందిగా వస్తుంటే, ఆడమనిషికి వచ్చే ఇన్‌ఫెక్షనేనని పదేపదే యాంటీబయాటిక్స్ ఇచ్చారు. మగ శరీరంలో మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథిని లింగ మార్పిడి శస్త్రచికిత్సలో సాధారణంగా తీసేయరు, అది లోపలే ఉంటుంది. పైగా ఆడ హార్మోను ఈస్ట్రోజన్ వాడేవాళ్లలో, ప్రోస్టేట్ కోసం చేసే రక్త పరీక్షలో చూసే పీఎస్‌ఏ అంకె తక్కువగా ఉంటుంది కాబట్టి మామూలు కొలతతో చూస్తే నార్మల్ అనిపిస్తుంది. తన గతం వివరంగా అడిగిన డాక్టరు దొరికాకే సరైన చికిత్స మొదలైంది. అలాగే ట్రాన్స్ మగవాళ్లలో గర్భాశయ ముఖద్వారం ఉన్నవాళ్లకి ఆ పరీక్ష కావాలి. శరీరంలో ఏ అవయవం ఉందో దానికి పరీక్ష, అంతే.

ఇంటికి ఫిజియోథెరపీ అబ్బాయి, పగలు సాయానికి ఒక ఆయమ్మ వచ్చేవారు. ఆయమ్మ వచ్చే మొదటి రోజు ఉదయం తను వాకర్ పట్టుకుని హాల్లోకొచ్చి, గోడ మీద మా ఇద్దరి ఫొటోలు తీసేయమంది. ముసలితనంలో పరాయి చేతుల్లో ఒళ్లు పెట్టాల్సి వచ్చినప్పుడు, వాళ్లకి మనమీద అసహ్యం కలిగితే ఏమిటన్న భయం అది. స్నానం చేయించే చేయి మోటుగా మారితే ఎవరికి చెప్పుకోవాలి? నేను తీయనన్నాను. ఆయమ్మకి కాఫీ ఇచ్చి, మేం ఎవరమో చెప్పి, ఇబ్బందైతే ఇవాళే చెప్పెయ్యమ్మా అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, "ఆవిడ్ని ఏ పక్కకి తిప్పాలో చెప్పండి, నొప్పి ఎటువైపు?" అని అడిగింది. ఇలాంటి మనిషి అందరికీ దొరకదని నాకు తెలుసు. వృద్ధాశ్రమాల్లో చేరాక మళ్లీ దాచుకుని బతికేవాళ్లున్నారు. అందుకే న్యూయార్క్‌లో సేజ్ అనే సంస్థ 1978 నుంచి ఎల్‌జీబీటీ పెద్దవాళ్ల కోసమే పనిచేస్తోంది. బెర్లిన్‌లో 2012లో ఇలాంటివాళ్లు కలిసి బతికే ఇల్లు ఒకటి తెరిచారు. అలాంటివి మా తరం పోయేలోపు ఇంకెన్నో రావాలి.

అప్పటిదాకా మేం చేసుకున్న ఏర్పాటు చిన్నది. మాలాంటి పెద్దవాళ్లం కొందరం రోజూ ఉదయం ఒకరికొకరం ఫోన్ చేసుకుంటాం, ఎత్తకపోతే దగ్గర్లో ఉన్నవాళ్లు తలుపు తడతారు. తాళంచెవులు మార్చుకున్నాం. ప్రపంచవ్యాప్తంగా ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో చెప్పింది. పిల్లలు లేక, పుట్టింటివాళ్లు దూరమై, స్నేహితులే కుటుంబమైన మాకు ఆ బాధ ఎంత దగ్గరగా ఉంటుందో చెప్పక్కర్లేదు. పైగా ఆ స్నేహితులూ మా వయసువాళ్లే, అందరం ఒకేసారి ముసలివాళ్లమవుతున్నాం. అందుకే మూడో మనిషి పేరు కోసం చాలా ఆలోచించాం. నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకామె ఒప్పుకుంది. ఒక సాయంత్రం వచ్చి కూర్చుని, నోట్‌బుక్ తీసి సూటిగా అడిగింది. "టీచర్, వెంటిలేటర్ మీద ఎన్నాళ్లు ఉంచాలి? మీరు ఆమెని గుర్తుపట్టలేని స్థితి వస్తే ఇంట్లోనే ఉంచాలా? నొప్పి తగ్గించే మందు వల్ల ప్రాణం ముందుగా పోయినా పరవాలేదా?" మేమిద్దరం ఒకరికొకరం ఎన్నడూ అడగని ప్రశ్నలవి. కొన్నింటికి మా జవాబులు వేరువేరుగా వచ్చాయి, అలాగే వేరువేరుగా రాయించాం.

వచ్చే నెల నాకు శుక్లాల ఆపరేషన్. కాగితాల కాపీలు ముందే ఇచ్చి, రికార్డులో పెట్టించాను. ఫారంలో బంధుత్వం అన్న చోట జీవిత భాగస్వామి అని నేనే రాశాను, కింద తన ఫోన్ నంబరు, దాని కింద ఆ అమ్మాయి నంబరు.